కుండలవాళ్ళ మన్ను

క్లేర్‌మోంట్, కేప్‌టౌన్
14 మే 1967

తమ్ముడు బారెండ్‌కి,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. అందులో ఉన్నవి ఐదు వాక్యాలు. వాటిలో రెండు వాన గురించి, ఒకటి మేకల గురించి. నువ్వు బతికే ఉన్నావని మాత్రం తెలిసింది, సంతోషం.

నేను ఇంటికి వచ్చేస్తున్నాను. ఇరవై రెండేళ్ళు వేరేవాళ్ళ వంటింట్లో నిలబడ్డాను, కాళ్ళు ఇక చాలంటున్నాయి. ఇప్పటికిప్పుడు కాదు, వచ్చే ఏడు. నాన్న నా పేర పెట్టిపోయిన ఎర్ర తేయాకు చేను బీడుగా ఉందని నాకు తెలుసు. పెద్దల సభ రూలు కూడా గుర్తుంది. రెండు చలికాలాలు నాటు పడకపోతే చేను వెనక్కి తీసుకుని జాబితాలో తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. ఈ చలికాలం ఎలాగూ పోయినట్టే. వచ్చే ఏడు జూన్ ఆఖరులోగా నారు పడాలి. అగ్గిపెట్టెడు గింజలుంటే నా చేనుకి చాలు. నాన్న ఏటా కొండ మీద పొదల కింద ఇసుక జల్లించి మూడు అగ్గిపెట్టెలు తెచ్చేవాడు కదా. గింజల దిగులు లేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నేల తడిగా ఉన్నప్పుడే నాకు ఒక కళ్ళం వేసి పెట్టు. ఆకు దంచాలన్నా, తడిపి కుప్ప పొయ్యాలన్నా, ఎండబెట్టాలన్నా కళ్ళం కావాలి. నా ఆకుని ఇంకొకళ్ళ కళ్ళంలో పోసుకుని వాళ్ళ మొహం చూస్తూ నిలబడడం నావల్ల కాదు. మన్ను ఎక్కడిదో కూడా చెబుతాను. ఊటకి పైన గట్టు ఉంది చూడు, ఎండలు మొదలయ్యేటప్పుడు నేలమీద గడ్డిపుల్లలంత మట్టి గొట్టాలు లేస్తాయే, అక్కడిది. అంత గట్టిపడే మన్ను ఆ లోయలో ఇంకెక్కడా లేదు. నాన్న దాన్ని ముట్టనిచ్చేవాడు కాదు, పిసినారి మనిషి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు.

ఆరు వాక్యాలైనా రాయి.

అక్క సియెన


సూట్‌ఫోంటేన్
6 ఆగస్టు 1967

అక్కకి,

కళ్ళం అయింది. ఇరవై అడుగుల చదరం. మన్ను నువ్వు చెప్పిన చోటిదే. పదిహేను గాడిద బండ్లు తోలాను. తవ్వడం అనుకున్నంత కష్టం కాలేదు, లోపల గుల్లగా ఉంది. పద్నాలుగు బండ్లు పట్టాయి. ఒక బండెడు గడ్డలు మిగిలితే కళ్ళం మూల కుప్ప పెట్టాను.

పెద్దల సభ పెద్ద హనోక్ మామ వచ్చి మడమతో తన్ని చూశాడు. కాలు నొప్పి పుట్టిందన్నాడు. ఆయన అంతకంటే పొగడడు.

వానలు బాగున్నాయి. మేకలు ముప్పై మూడు.

బారెండ్


సూట్‌ఫోంటేన్
12 నవంబరు 1967

అక్కకి,

ఈ ఏడు కొండంతా పసుపు. అడవి తేయాకు ఇంతగా పూయడం నేను తేదీల పుస్తకం రాయడం మొదలుపెట్టాక ఇదే. పదకొండేళ్ళు.

ఒక సంగతి అడగాలి. నీళ్ళ కందిరీగలు రాలేదు. ఏటా అక్టోబరు రెండో వారానికి ఊట దగ్గరికి వస్తాయి. నీటి మీద కాళ్ళు చాచి నిలబడి నీళ్ళు నింపుకుంటాయి. ఆ నీళ్ళు గట్టు మీద కక్కి, మెత్తబడిన మట్టిని ఉండ చేసి గొట్టం కడతాయి. తర్వాత పూలకి పోతాయి. తేనెటీగలా పుప్పొడి కాళ్ళకి పూసుకుని రావు, మింగి తెస్తాయి. పోయిన ఏడు అక్టోబరు 20న మధ్యాహ్నం ఒక గంటలో అరవై ఎనిమిది వచ్చాయి. ఈ ఏడు అదే తేదీ, అదే గంట, అదే రాయి మీద కూర్చున్నాను. ఒక్కటి రాలేదు. పూల మీద కూడా లేవు. కొండ మీద చప్పుడు లేదు.

నాన్న కాలంలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?

బారెండ్


క్లేర్‌మోంట్
3 డిసెంబరు 1967

బారెండ్‌కి,

నేను అడక్కుండా నువ్వు ఉత్తరం రాశావని చూసి ఎవరో పోయారనుకున్నాను. కవరు విప్పేముందు కూర్చున్నాను. లోపల చూస్తే కందిరీగలు. ఒరేయ్, నీకు పెళ్ళి కాకపోవడం మంచిదే అయింది. ఆ పిల్ల నీళ్ళకి పోయి ఎంతసేపటికి తిరిగొచ్చిందో కూడా పుస్తకంలో ఎక్కించేవాడివి.

రాకపోవడం నాకు గుర్తు లేదు. ఉండడం మాత్రం బాగా గుర్తుంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక గొట్టం పక్కన పుల్లతో తవ్వాను. వేలి కణుపంత మట్టి కుండ వచ్చింది. చిదిపితే లోపల పసుపు ముద్ద, తడిగా. నాలిక మీద పెట్టుకుంటే తేనెతో పిండి పిసికినట్టుంది. నీకూ పెట్టాను. నాలుగేళ్ళవాడివి, ఉమ్మేశావు. ఇంతలో నాన్న వచ్చాడు. నన్ను నాన్న కొట్టింది బతుకు మొత్తంలో ఆ ఒక్కసారే. "కుండలవాళ్ళ జోలికి పోకు. వాళ్ళ కూడు మనం తింటే మన కూడు పోతుంది" అన్నాడు. పురుగు కోసం కూతుర్ని కొట్టాడని అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంతకీ ఎందుకు అడిగావు?

ఇక్కడ కొత్త విశేషాలేమీ లేవు. మా వీధిలో ఈమధ్య సామాన్ల బండ్లు ఎక్కువ తిరుగుతున్నాయి. ఎండ కూడా ఎక్కువే.

క్రిస్మస్‌కి గుడి బ్యాండులో నీ బాకా నువ్వే ఊదు, పోయినసారిలా ఇంకొకడికి ఇచ్చి వెనక నిలబడకు.

సియెన


సూట్‌ఫోంటేన్
11 ఫిబ్రవరి 1968

అక్కకి,

గింజలు పడలేదు.

నాలుగు రోజులు జల్లించాను. నాన్న పదకొండు పొదల కింద, ఆ తర్వాత ఎవరివీ కాని పొదల కింద. కాయ పేలి గింజ ఎంత దూరం పోతుందో అంత దూరం ఇసుక తీశాను. అగ్గిపెట్టె అడుగు కూడా కప్పలేదు. బల్ల మీద పోసి లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను, అంతే.

మిగిలిన ఏడిళ్ళవాళ్ళకీ ఇలాగే ఉంది. మంగళవారం అందరం కొండ మీద ఉన్నాం. ఏటా అక్కడ పాటలు, వేళాకోళాలు ఉంటాయి కదా. ఈసారి జల్లెడ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అదీ ఆగింది. హనోక్ మామ భార్య జల్లెడ బోర్లించి దానిమీద కూర్చుంది. పొదలు చూస్తే పచ్చగా ఉన్నాయి, కొమ్మలకి ఎండిన పూల తొడిమలు ఉన్నాయి, కాయ లేదు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

పూల కాలంలో గాలి ఎక్కువైందని కొందరన్నారు. నేనేమీ అనలేదు. అవతలి లోయవాళ్ళు అగ్గిపెట్టెకి మూడు మేకలు అడిగారు. సరేనని మేకలు తోలుకుని పోతే, గింజలు అయిపోయాయన్నారు.

జూన్ ఆఖరు సంగతి హనోక్ మామ గుర్తు చేశాడు. రూలు ఆయన పెట్టింది కాదన్నాడు.

బారెండ్


క్లేర్‌మోంట్
20 ఫిబ్రవరి 1968

బారెండ్‌కి,

నీ ఉత్తరం నిలబడి చదివాను. చదివాక కూర్చుందామంటే కుర్చీ లేదు. కుర్చీలు పోయిన వారం అమ్మేశాను.

నీకు చెప్పలేదు. మా వీధి ఇక తెల్లవాళ్ళదని సర్కారు రాసేసింది. ఈ ఆగస్టు ఆఖరులోగా మేమందరం ఖాళీ చెయ్యాలి. ఆ కాగితం నిన్నా మొన్నా వచ్చింది కాదు, పోయిన ఏడు ఏప్రిల్‌లో వచ్చింది. కాళ్ళు చాలంటున్నాయని నీకు రాసిన రోజు అది నా అల్మరాలో పక్కబట్టల కింద ఉంది. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఊరి బయట ఇసుక మైదానంలో మాకు గదులు చూపించారు. చెట్టు లేదు, దుకాణం లేదు, పక్కింట్లో ఎవరుంటారో తెలియదు. నేను పోనన్నాను. నాకు నా చేను ఉందని అందరి ముందూ గొప్పగా చెప్పుకున్నాను. ఇదే వీధిలో ఇరవై ఏళ్ళు నా పక్కన బతికిన మనిషి ఆ మాట విని ఏడ్చింది, తనకి చేను లేదని.

ఇప్పుడు రెండు వందల పద్నాలుగు. వేరే ఎవరైనా రాస్తే లెక్క తప్పారనుకునేదాన్ని. నువ్వు తప్పవు, అదే నా భయం.

ఆ చేను పోతే సూట్‌ఫోంటేన్‌లో నాకు ఇంటి స్థలం కూడా ఉండదు. నీ మేకల పాకలో నేను పడుకోను, అడక్కు.

నాన్న ఎన్నో ఏళ్ళు జల్లించాడు. కరువులో కూడా అగ్గిపెట్టె నిండింది. ఏదో జరిగింది. గాలి అని నువ్వు రాయలేదు, "కొందరన్నారు" అని రాశావు. నీ సంగతి నాకు తెలుసు. నీ తేదీల పుస్తకంలో పోయిన ఏడు జూన్ నుంచి నవంబరు దాకా కొండ గురించీ ఊట గురించీ ఏం రాశావో ఉన్నదున్నట్టు ఎత్తి పంపు. ఏం తేడా వచ్చిందో నేను చూసుకుంటాను.

సియెన


సూట్‌ఫోంటేన్
3 మార్చి 1968

అక్కకి,

ఆ కాగితం సంగతి చదివాను. పాకలో కాదు, నా గది నీకిస్తాను. గింజల్ని పై తోలు గరుకయ్యేదాకా ఇసుకతో రుద్ది నారుమడిలో పోశాను.

నువ్వు అడిగినవి:

18 జూన్, ఆదివారం. వాన. ఊట గుంట నిండింది.
2 జులై, ఆదివారం. కొండ మీద మంచు. అడవి తేయాకు చిగురు.
9 జులై, ఆదివారం. గుడి. మధ్యాహ్నం పార సానబెట్టాను.
16 జులై, ఆదివారం. కళ్ళం ఆరుతోంది. పగుళ్ళు లేవు.
27 ఆగస్టు, ఆదివారం. మొగ్గలు. పోయిన ఏటికంటే ఎక్కువ.
1 అక్టోబరు, ఆదివారం. మొదటి పూలు.
20 అక్టోబరు, శుక్రవారం. ఊట దగ్గర ఒక గంట. కందిరీగలు: లేవు.
5 నవంబరు, ఆదివారం. పూలు నిండుగా. చప్పుడు లేదు.

ఇంతే.

బారెండ్


క్లేర్‌మోంట్
12 మార్చి 1968

బారెండ్‌కి,

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం పార సానబెట్టావు. పదహారున కళ్ళం ఆరుతోంది. మధ్యలో ఆరు రోజులు లేవు.

మిగతావి దాదాపు అన్నీ ఆదివారాలే ఎత్తి రాస్తే నాకు అనుమానం రాదనుకున్నావు. గుడివాళ్ళిచ్చే ఆ పుస్తకంలో ప్రతి తేదీకీ అచ్చువేసిన గీతలుంటాయి. బడికి రెండేళ్ళు పోయి, ఆ పైన గోడలకి అంటించిన పాత పేపర్లు చదివి అక్షరం నేర్చుకున్నవాడివి, ఒక్క గీత కూడా ఖాళీ వదలవు. నాన్న పోయిన రోజు నువ్వేం రాశావో నేను కళ్ళారా చూశాను. "ఉదయం మంచు. నాన్న నాలుగింటికి పోయాడు. మేకలు 31." అంతటి రోజున రాసిన చెయ్యి, మన్ను తవ్విన వారం రాయలేదా?

ఆ ఆరు రోజులు పంపు.

సియెన


సూట్‌ఫోంటేన్
24 మార్చి 1968

అక్కకి,

10 జులై. తవ్వడం మొదలు. మూడు బండ్లు. గడ్డల్లో చిన్న మట్టి కుండలు, ఒకదాన్నొకటి ఆనుకుని. లోపల పట్టులాంటి పొర, పొరలో బియ్యపు గింజకంటే లావు తెల్ల పురుగు. కొన్నింట్లో పురుగు లేదు, పసుపు ముద్ద ఎండిపోయి ఉంది. పురుగు కదలదు. గిల్లితే ముడుచుకుంటుంది.
11 జులై. నాలుగు బండ్లు. ఒక బండిలో కుండలు లెక్కపెట్టాను. 312.
12 జులై. ఐదు బండ్లు. గట్టు పైభాగం అయిపోయింది.
13 జులై. మూడు బండ్లు. మధ్యాహ్నం వాన. మన్ను తొక్కాను. పురుగులు చితికి మన్నుకి జిడ్డు పట్టింది. బాగా కలుస్తోంది.
14 జులై. దిమ్మిస కొట్టాను.
15 జులై. దిమ్మిస. నున్నగా వచ్చింది.

రాసింది నేనే. రాసినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నీ డిసెంబరు ఉత్తరంలో నాన్న మాట చదివాక పుస్తకం తీసి జులై పేజీలు తిప్పాను. "బాగా కలుస్తోంది" దగ్గర ఆగిపోయాను. ఆ రోజు మేకల్ని విప్పలేదు. పద్నాలుగు బండ్లకి నాలుగు వేల మూడు వందల అరవై ఎనిమిది అవుతాయి. పదకొండేళ్ళు ఆ పురుగుల్ని ఊట దగ్గర కూర్చుని లెక్కపెట్టినవాణ్ణి. వాటి పిల్లల్ని కాళ్ళతో తొక్కుతూ కూడా లెక్కపెట్టాను. రెండు లెక్కలూ ఒకే పురుగువని తోచలేదు.

ఇంకొకటి కూడా దాచాను. నవంబరు 14న, గుమ్మడి పూలకి చేసినట్టు, ఒక పొద పుప్పొడి గడ్డిపుల్లతో తీసి ఇంకో పొద పూలకి రాశాను. నలభై పూలు. ఆ కొమ్మకి దారం కట్టాను. పక్క కొమ్మ మీద నలభై పూలు ఊరికే వదిలేశాను. దారం కట్టిన కొమ్మకి ముప్పై ఒక్క కాయ. రెండోదానికి ఒకటి. కాబట్టి గాలి కాదు. ఫిబ్రవరిలో ఇసుక జల్లించక ముందే నాకు తెలుసు. అయినా అందరితో కలిసి కొండెక్కి జల్లించాను.

ఎవరికీ చెప్పలేదు. ఏడిళ్ళవాళ్ళు నన్ను చూసి, పాపం నీ అక్క చేను కూడా పోయేట్టుందే అంటున్నారు.

కళ్ళం గట్టిగానే ఉంది.

బారెండ్


క్లేర్‌మోంట్
2 ఏప్రిల్ 1968

బారెండ్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి నిన్ను తిట్టడానికి కాగితం తీసుకున్నాను. పేరు రాసి, కింద గీత గీసి, అక్కడ ఆగాను. గట్టు ఎక్కడుందో నీకు చెప్పింది ఎవరు? గొట్టాలు లేచే చోటని గుర్తు కూడా చెప్పి మరీ తవ్వించింది ఎవరు?

నాన్న ఆ మాట నాతో అన్నాడు. నువ్వు పసివాడివి, నీకు తెలియదు. నాకు తెలుసు. దెబ్బ గుర్తుంది, నాలిక మీది తీపి గుర్తుంది, మాట మాత్రం ముసలాయన పిసినారితనంలో కలిపేశాను. నలభై ఏళ్ళ తర్వాత ఆయన లేడు కదా అని, "అడిగేవాళ్ళు లేరు" అని రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, నువ్వు ఏదీ పారెయ్యవు. తీసి చూడు. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. అనకుండా ఉండడానికే కదా ఆ ఆరు రోజులూ మింగేశావు. దానికి నాకు ఇంకా కోపంగా ఉంది.

పొద్దున యజమానురాలి గాజు గిన్నె పగలగొట్టాను. ఆమె ఏమైందని అడిగితే, నాలుగు వేల మూడు వందలని చెప్పాను.

హనోక్ మామకి చెప్పు. నాకు తెలుసు, నీకు నోరు పెగలదు. చెప్పేటప్పుడు తప్పంతా నీ మీదే పెట్టుకో అని నేను అడగను, ఇద్దరి మీదా పెట్టు. చేను ఆ మాటతోనే పోవచ్చు. పోయినా చెప్పాలి. నీ కళ్ళం మడమతో తన్ని చూసిన ప్రతివాడూ వచ్చే చలికాలం ఆ గట్టు మీదికి పారతో వస్తాడు. మిగిలిన కాస్తా పోతుంది.

సియెన


సూట్‌ఫోంటేన్
7 జులై 1968

అక్కకి,

ఆలస్యమైంది. ముందు చేను సంగతి: నీదే.

ఈస్టర్ తర్వాతి ఆదివారం గుడి అయ్యాక హనోక్ మామ గోడ పక్కన పైపు ముట్టించుకుంటుంటే పోయి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. ఆయనే అడిగాడు, బాకీ అడగడానికి వచ్చినవాడిలా నిలబడ్డావేంట్రా అని. అప్పుడు చెప్పాను.

"మామా, కొండని గొడ్రాల్ని చేసింది నేనే."

మొత్తం విన్నాడు. పుస్తకం కూడా పట్టుకుపోయాను, జులై చూపించాను. పైపు ఆరిపోయింది.

"ఎన్ని బండ్లు?" అన్నాడు.

"పదిహేను."

పైపు గోడకి కొట్టి దులుపుకుని, "నాలుగు నేనూ తోలుకున్నాను. నీ కళ్ళం చూశాక. నువ్వు మేకలతో పైకి పోయిన రోజు" అన్నాడు. "మా ఆవిడకి మాత్రం చెప్పకు. ఆ జల్లెడ మీద కూర్చుందే, లేచి దాంతోనే నన్ను కొడుతుంది."

ఆ తర్వాతి వారం అందరికీ చెప్పాం. తన నాలుగు బండ్ల సంగతి ఆయన తనే చెప్పాడు. ఆమె కొట్టలేదు. ఇప్పుడు గట్టు చుట్టూ ముళ్ళకంప వేశాం. పారతో అటు పోయేవాడికి రొట్టె పుట్టదని తీర్మానం.

గింజల్లో నూట అరవై మూడు మొలిచాయి. నూట ముప్పై ఒకటి నిలిచాయి. జూన్ 22న నీ చేలో నాటాను. ఒకే ఒక్క వరస, ఈ చివరినుంచి ఆ చివరికి చాలలేదు. పెద్దల సభవాళ్ళు వచ్చి నడిచి చూశారు. ఇది చేనా, చేను అంచా అని ఒకాయన అన్నాడు. హనోక్ మామ ఆయన వైపు తిరిగి, "నాటాలని రూలు. ఎన్నని రూల్లో లేదు. కావాలంటే నువ్వు లెక్కపెట్టుకో, నాకు చూపు ఆనదు" అన్నాడు. సంతకం పెట్టారు.

ఈ ఏడు తేయాకు నాట్ల కూలి లేదు కాబట్టి నేను ఆగస్టు ఆఖరున సిట్రస్‌డాల్‌లో నారింజ తోటలకి పోతున్నాను. నవంబరుకి వస్తాను. నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఉండను. తాళం హనోక్ మామ ఇంట్లో. పుస్తకం బల్ల మీద. రోజూ రాయి. వాన, మేకలు, ఊట. ఉన్నది రాయి.

బారెండ్


సూట్‌ఫోంటేన్
20 అక్టోబరు 1968

బారెండ్‌కి,

ఇన్నాళ్ళూ నువ్వు ఇక్కడ, నేను అక్కడ. ఇప్పుడు తిరగబడింది. ఐదు వాక్యాలు రాసి ఊరుకుందామనుకున్నాను, నీకు బుద్ధి వస్తుందని. వీలుపడలేదు.

వచ్చిన రోజు ముందు కళ్ళం దగ్గరికి పోయాను. ఇంత అందమైన కళ్ళం నేను ఎక్కడా చూడలేదు. వంగి చూస్తే మన్నులో అక్కడక్కడ పసుపు చుక్కలు, నీ దిమ్మిస కింద అణిగిపోయినవి. మూడు రోజులు దానిమీద కాలు పెట్టలేదు. నాలుగో రోజు నుంచి ఊడవడం మొదలుపెట్టాను. మన దగ్గర ఇంటి ముందు నేల మీద పొద్దున్నే చీపురు చారలు కనబడకపోతే ఆ ఇంట్లో శవం ఉందని కదా అర్థం. అమ్మ నేర్పింది. కేప్‌టౌన్‌లో సిమెంటు మెట్లు కూడా అలాగే ఊడ్చాను. వాకిలి, దారి, కళ్ళం, అన్నీ.

గురువారం పొద్దున కళ్ళం మూల, నువ్వు కుప్ప పెట్టిన గడ్డల పక్కన, చీపురుకి ఏదో గరగరమని తగిలింది. గడ్డిపరకలనుకుని ఊడ్చేశాను. చెత్త చేటలోకి ఎత్తాక చూశాను. మూడు మట్టి గొట్టాలు, ముక్కలు. తడి ఇంకా ఆరలేదు.

అక్కడే కూలబడ్డాను. చేట ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు, మేకలు అరుస్తున్నా లేవలేదు. ముందు నా ఉత్తరం, తర్వాత నీ దిమ్మిస, ఇప్పుడు నా చీపురు. తెలియక చేశామని అనుకోవడానికి కూడా ఈసారి లేదు, అన్నీ తెలిశాక చేశాను. ఆ ముక్కలు మళ్ళీ అతికించాలని చూశాను. నా వేళ్ళ కింద పొడి అయ్యాయి.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చాక ఒకటి వచ్చింది. నల్లగా, పసుపు పట్టీలతో. మొహానికి పూల దుమ్ము ఉంది, కాళ్ళకి లేదు. నువ్వు రాసినట్టే, మింగి తెస్తుంది. గొట్టం ఉన్నచోట వాలింది, లేదు. చుట్టూ తిరిగింది. మళ్ళీ వాలింది. తర్వాత ఊట వైపు పోయి, నోట్లో నీళ్ళతో తిరిగొచ్చి, నీ కళ్ళం మీద కక్కి, మూతితో మట్టి పిసకడం మొదలుపెట్టింది. నువ్వు రెండు రోజులు దిమ్మిస కొట్టిన మన్ను, బారెండ్, అది రెండు గుక్కల నీళ్ళతో మెత్తబరిచింది. సాయంత్రానికి గొట్టం వేలెడు లేచింది. శుక్రవారం ఇంకొకటి పక్కన మొదలైంది.

ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. నువ్వు దంచకుండా వదిలేసిన ఆ గడ్డల్లో, పోయిన ఏడు లేవకుండా నిద్రపోయినవి అయి ఉండాలి. గట్టులో నీ పారకీ మామ పారకీ అందని మూల ఏదైనా ఉందేమో. నీ రాయి మీద కూర్చుని ఊట దగ్గర కూడా గంటసేపు చూశాను. ఐదుసార్లు వచ్చాయి. ఐదు కందిరీగలో, ఒకటే ఐదుసార్లో నాకు తెలియదు, నువ్వే చెప్పాలి.

కళ్ళం చుట్టూ ముళ్ళకంప నేనే నరికి వేశాను. అది ఇక కళ్ళం కాదు. నా నూట ముప్పై ఒక్క మొక్కలూ కోతకి వచ్చేసరికి రెండేళ్ళు పడుతుంది. అప్పుడు నా ఆకు మోసుకుని హనోక్ మామ కళ్ళానికే పోతాను, ఆయన మొహం చూస్తూ నిలబడతాను.

ఈ పొద్దున అక్కడే కాదు, వాకిలి కూడా ఊడవలేదు. దుమ్ము ఎగురుతుందని భయం. గుడికి పోయే వేళకి హనోక్ మామ, ఆయన భార్య మన ఇంటి ముందు ఆగారు. చారల్లేని నేల చూశారు. మామ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మెల్లగా తలుపు దాకా వచ్చి, "ఎవరమ్మా?" అని అడిగాడు. నీకే ఏదో అయి కబురొచ్చిందనుకున్నాడు.

"ఎవరూ పోలేదు మామా," అన్నాను. "కుండలవాళ్ళు వచ్చారు."

ఇద్దర్నీ కంప దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. ఇంటికి పోయి తన వాకిలి చారల్ని కాలితో చెరిపేసిందని ఇప్పుడే ఎవరో చెప్పారు.

పుస్తకంలో ఇలా రాశాను, సరిపోతుందో లేదో చూడు:

20 అక్టోబరు, ఆదివారం. ఎండ. మేకలు 29. గొట్టాలు 2. ఊడవలేదు.

అక్క